హెల్మెట్ చూసి కొడుకు చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళిన నాన్న

పోయిన అక్టోబరులో డాలస్ శివారులోని ఒక హైస్కూల్లో కెరీర్ నైట్ పెట్టారు, పిల్లలకి ఏ ఉద్యోగం ఎలా ఉంటుందో చెప్పే సాయంత్రం. మా కన్‌స్ట్రక్షన్ కంపెనీ తరఫున నేనూ, ఆఫీసులో పనిచేసే ఇంకో అమ్మాయీ వెళ్ళాం. బాస్కెట్‌బాల్ కోర్టులో వరసగా బల్లలు వేశారు. నర్సులకొకటి, పోలీసులకొకటి, బ్యాంకు వాళ్ళకొకటి, మాకొకటి. మా బల్ల మీద తెల్ల హెల్మెట్, నారింజ రంగు జాకెట్, ఒక టాబ్లెట్ పెట్టుకున్నాం. టాబ్లెట్‌లో మేం కడుతున్న ఆసుపత్రి త్రీడీ మోడల్ ఉంది. వేలితో తిప్పితే పైపులు, డక్టులు, బీములు అన్నీ విడివిడిగా కనిపిస్తాయి.

పదహారేళ్ళ కుర్రాడొకడు ఆ మోడల్ దగ్గర ఆగిపోయాడు. ఒక అంతస్తు తీసేసి లోపల చూశాడు, మళ్ళీ పెట్టాడు. నన్నేమీ అడగలేదు. ఇంతలో వాళ్ళ నాన్న వచ్చాడు. పని నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, బూట్ల మీద, మోచేతుల మీద జిప్సం పలకల గోడలకి పూసే డ్రైవాల్ మడ్డు తెల్లగా ఎండిపోయి ఉంది. బల్ల మీది హెల్మెట్ చూసి కొడుకు చెయ్యి పట్టుకున్నాడు. "నో, మిహో. కన్‌స్ట్రుక్సియోన్ నో" అన్నాడు. మిహో అంటే మన దగ్గర నాన్నా, బిడ్డా అని పిలిచినట్టు. నా వైపు తిరిగి "పెర్దోన్, ఇన్హే" అని మర్యాదగా క్షమాపణ చెప్పి, కొడుకుని నర్సుల బల్ల వైపు తీసుకెళ్ళాడు.

ఇన్హే అన్న పిలుపు సైట్లో రోజూ వింటాను. మెక్సికోలో ఇంజనీర్‌ని ఇన్హెనియెరో అంటారు, దాన్నే పొట్టిగా చేస్తారు. మన మేస్త్రీలు "ఇంజనీర్ సార్" అన్నట్టే. ఆ గౌరవం నాకిచ్చిన మనిషే, తన కొడుకు మాత్రం నాలా కాకూడదనుకున్నాడు. ఆ రాత్రి నుంచి దీని గురించే ఆలోచిస్తున్నాను.

మర్నాడు ఆఫీసులో మాట్లాడుకున్నప్పుడు అందరూ ఒకటే అన్నారు. హిస్పానిక్ (మెక్సికో లాంటి స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న) తల్లిదండ్రులకి కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ అంటే ఏంటో తెలీదు, కూలి పనీ ఇదీ ఒకటే అనుకుంటున్నారు, వచ్చేసారి స్పానిష్‌లో కరపత్రాలు వేద్దాం, జీతం పెద్ద అక్షరాల్లో పెడదాం అని. అప్పుడు నేనూ తలూపాను. ఇప్పుడు నాకు అలా అనిపించడం లేదు. ఆ నాన్నకి మా పని గురించి తెలిసినంత, మా బల్ల దగ్గర నిలబడ్డ ఎవరికీ తెలీదు. ఆయన తప్పుగా అర్థం చేసుకోలేదు. తను చూసినదాన్ని బట్టి సరిగ్గానే తేల్చుకున్నాడు. మార్చాల్సింది ఆయన చూసినదాన్ని.

జీతం పెద్ద అక్షరాల్లో వేస్తే

జీతం సంగతి నిజమే. అమెరికా కార్మిక శాఖ లెక్కల ప్రకారం 2023లో కన్‌స్ట్రక్షన్ మేనేజర్ల మధ్యస్థ జీతం ఏడాదికి 1,04,900 డాలర్లు. సైట్లో లేబర్ పని చేసేవాళ్ళకి 45 వేల చుట్టుపక్కల. ఈ దేశంలో పనిచేసేవాళ్ళందరిలో హిస్పానిక్‌లు ఐదో వంతు లోపే, నిర్మాణ రంగంలో మాత్రం దాదాపు మూడో వంతు. డ్రైవాల్ బిగించేవాళ్ళలో, రూఫింగ్ చేసేవాళ్ళలో సగానికి పైగా వాళ్ళే. పైకి వెళ్తున్నకొద్దీ ఆ వంతు తగ్గిపోతుంది. మా వీక్లీ మీటింగులో బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళని చూసి, కిటికీలోంచి స్లాబ్ మీద ఉన్నవాళ్ళని చూస్తే లెక్కలు అక్కర్లేదు.

మనవాళ్ళు వీళ్ళందర్నీ మెక్సికన్లనే అంటారు. మా సైట్లో గ్వాటెమాల వాళ్ళున్నారు, హోండురస్, ఎల్ సాల్వడార్ వాళ్ళున్నారు, మూడు తరాలుగా టెక్సస్‌లోనే పుట్టి స్పానిష్ సరిగ్గా రానివాళ్ళూ ఉన్నారు. నేను చెప్పేది ఎక్కువగా, తను వలస వచ్చి పిల్లల్ని ఇక్కడ కన్న తల్లిదండ్రుల గురించి.

వాళ్ళింట్లో కన్‌స్ట్రక్షన్ అన్న మాట విన్నప్పుడు ఏం గుర్తొస్తుంది? ఆగస్టులో డాలస్ ఎండ. నలభై దాటాక పైకి లేవని భుజం. పని చేయించుకుని డబ్బివ్వకుండా ఫోన్ తియ్యడం మానేసిన కాంట్రాక్టరు. పడిపోయిన మనిషి. 2022లో అమెరికాలో పని చేస్తూ చనిపోయిన హిస్పానిక్‌లు 1,248 మంది. ఆ ఏడాది మొత్తం మీద లక్ష మంది కార్మికులకి 3.7 మరణాలైతే, హిస్పానిక్‌లలో 4.6. నిర్మాణంలో చావులకి మొదటి కారణం ఎప్పుడూ పై నుంచి పడటమే.

2024 మార్చి 26న బాల్టిమోర్‌లో ఓడ గుద్దుకుని వంతెన కూలిపోయిన వార్త మనవాళ్ళు బాగా చదివారు, ఆ ఓడ సిబ్బందిలో దాదాపు అందరూ భారతీయులు కాబట్టి. ఆ అర్ధరాత్రి వంతెన మీద రోడ్డు గుంతలు పూడుస్తూ నీళ్ళలో పడి చనిపోయిన ఆరుగురూ మెక్సికో, గ్వాటెమాల, హోండురస్, ఎల్ సాల్వడార్‌ల నుంచి వచ్చినవాళ్ళు. ఆ వారమంతా మా సైట్లో మధ్యాహ్నం అన్నాల దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. పిల్లలకి చెప్పాల్సిన అవసరం లేదు, ఇళ్ళలో టీవీ పెట్టే ఉంటుంది.

టెక్సస్ సంగతి ఇంకొంచెం వేరు. ప్రైవేటు యజమాని కార్మికులకి ప్రమాద బీమా కట్టకుండా తప్పుకునే వీలున్న రాష్ట్రం ఇది. ఆస్టిన్ 2010లో, డాలస్ 2015లో నిర్మాణ కార్మికులకి నాలుగు గంటలకోసారి పది నిమిషాలు విరామం ఇవ్వాలని నియమం పెట్టుకున్నాయి. అలాంటి నగర నియమాలు చెల్లకుండా 2023లో రాష్ట్రం చట్టం తెచ్చింది. నీళ్ళు తాగే పది నిమిషాల కోసం కూడా ఇంత గొడవ పడాల్సి వచ్చిన రంగంలోకి కొడుకుని రమ్మంటే ఏ తండ్రి ఒప్పుకుంటాడు? మేనేజర్ ఏసీ ట్రైలర్‌లో కూర్చుంటాడు కదా అని మనం అంటాం. అక్కడిదాకా కొడుకు చేరతాడని ఆయన ఎవర్ని చూసి నమ్మాలి?

ఆ కుర్రాడి ప్రశ్న

కెరీర్ నైట్ ముగిసే వేళకి ఆ కుర్రాడు ఒక్కడే తిరిగొచ్చాడు. వాళ్ళ నాన్న పార్కింగ్‌లో ఎవరితోనో మాట్లాడుతున్నాడట. మోడల్ గురించి అడుగుతాడనుకున్నాను.

"మీరు మా నాన్నలాంటి వాళ్ళకి బాసా?" అన్నాడు.

ఒక రకంగా అవునన్నాను. డ్రైవాల్ పని సబ్‌కాంట్రాక్టర్ చేయిస్తాడు, మేం అన్నిటినీ కలిపి చూసుకుంటాం అని చెప్పాను.

"ఈ పనిలో ఎన్నేళ్ళ నుంచి ఉన్నారు?"

"ఎనిమిదేళ్ళు."

"మా నాన్న ఇరవై రెండేళ్ళు." కోపంగా అనలేదు. గోడ కొలత చెప్పినట్టు చెప్పాడు. తర్వాత శనివారాలు తను కూడా నాన్నతో వెళ్తానని, జాయింట్లకి టేపు వేయడం వచ్చని, సీలింగ్ మాత్రం నాన్న ముట్టుకోనివ్వడని అన్నాడు. ఆ మాటలో గర్వం ఉంది. సోమవారం స్కూల్లో ఆ సంగతి ఎవరికీ చెప్పనని కూడా అన్నాడు.

కాబట్టి పిల్లల ఆలోచన, తల్లిదండ్రుల ఆలోచన ఒకటి కాదు. తల్లిదండ్రులది భయం, అలసట. పిల్లలది ఇంకా చిక్కుగా ఉంటుంది. నాన్న కట్టిన గోడలు ఊళ్ళో చూపించుకోవాలని ఉంటుంది, నాన్న ట్రక్కులో స్కూలుకి రావాలంటే మొహమాటంగా ఉంటుంది. వాళ్ళ నాన్నకి పని నాకంటే బాగా వచ్చని, అయినా పై కుర్చీలో నేనున్నానని వాడికి తెలుసు. పదహారేళ్ళవాడు ఆ రెండు సంఖ్యలు పక్కపక్కన పెట్టాక కరపత్రంలో ఏం రాసి వాడికి జవాబు చెప్పగలం?

మా కాంక్రీటు ఫోర్‌మ్యాన్ది మెక్సికోలోని గ్వానాహ్వాతో. వచ్చి పాతికేళ్ళయింది. నేను చేరిన రెండో ఏడాది నాలుగో అంతస్తు స్లాబ్ పోసే ముందురోజు ఆయన టేపు పట్టుకుని అంతా తిరిగి, "ఇన్హే, ఈ స్లీవ్ ఇక్కడెందుకుంది? కింద పైపు రెండడుగులు అవతలుంది" అన్నాడు. స్లీవ్ అంటే పైపు పోవడానికి స్లాబ్‌లో ముందే పెట్టే గొట్టం. నా చేతిలో ఉన్నది పాత డ్రాయింగు. మారిన కాపీ వచ్చి నాలుగు రోజులైంది, నేను చూసుకోలేదు. కాంక్రీటు పోసేశాక పోస్ట్ టెన్షన్ కేబుళ్ళు, అంటే గట్టిగా లాగి బిగించిన ఉక్కు తీగలు, ఉన్న స్లాబ్‌కి కన్నం వెయ్యాలంటే ఎంత ప్రమాదమో సివిల్ వాళ్ళకి తెలుసు. రాత్రి ఎనిమిది దాకా ఉండి ఆయన మనుషులే అన్నీ మార్చారు. మర్నాడు మా పై ఆయన బాగా పట్టుకున్నావని నాకు మెయిల్ పెట్టి నలుగురికి కాపీ చేశాడు. పట్టుకున్నది నేను కాదు, ఫోర్‌మ్యాన్ అని తిరిగి రాశాను. దానికి జవాబు రాలేదు.

మా దగ్గర సైట్లో పనంతా నడిపించే సూపరింటెండెంట్లు తొమ్మిదిమంది ఉన్నారు. వాళ్ళలో కార్పెంటర్లుగా, కూలీలుగా మొదలుపెట్టి పైకొచ్చినవాళ్ళు ఐదుగురు. ఇంట్లో స్పానిష్ మాట్లాడేవాడు ఒక్కడు. మా ఫోర్‌మ్యాన్‌ని సూపరింటెండెంట్ ఎందుకు చెయ్యలేదని ఒకసారి అడిగితే, రిపోర్టులు, మెయిల్స్, ఆర్‌ఎఫ్‌ఐలు (డ్రాయింగుల మీద సందేహాలు అడిగే కాగితాలు) ఇంగ్లీషులో రాయాలి కదా అన్నారు. అవి రాయడం ఆయనకి నేర్పిద్దామని ఈ పాతికేళ్ళలో ఎవరికీ తట్టలేదు. నాకు కాంక్రీటు నేర్పడానికి మాత్రం ఆయనకి టైముంది. నా తర్వాత వచ్చిన ఇద్దరికీ ఆయనే నేర్పాడు. ఇద్దరూ ఆయన్ని దాటి వెళ్ళిపోయారు.

ఇది రాయడం నాకు తేలిక కాదు, ఎందుకంటే ఆయన్ని దాటిన మొదటివాణ్ణి నేనే. డాలస్ పక్కన ఆర్లింగ్టన్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేసి, ఇక్కడి ఇటుక ఒకటి కూడా చేత్తో పట్టుకోకుండా ప్రాజెక్ట్ ఇంజనీర్‌గా చేరాను. మా బ్యాచ్‌లో తెలుగువాళ్ళం చాలామందిమి ఉండేవాళ్ళం. అదే యూనివర్సిటీలో హిస్పానిక్ విద్యార్థులు నాలుగో వంతుకి పైనే ఉంటారు, ప్రభుత్వం ఆ కోవలో గుర్తించిన విద్యాసంస్థ అది. మా క్లాసులో మాత్రం ఇద్దరే ఉండేవాళ్ళు.

మా నాయిన ఎందుకు ఒప్పుకున్నాడు

మేస్త్రీ అన్న మాట మనకి పోర్చుగీసు "మెస్త్రె" నుంచి వచ్చింది. దాని స్పానిష్ చుట్టం "మాయెస్త్రో". తాపీ పని పెద్దని మెక్సికోలో మాయెస్త్రో అనే పిలుస్తారు. మొదటిసారి సైట్లో ఆ మాట విన్నప్పుడు ఎవరో మా నాయినని పిలిచినట్టు ఉలిక్కిపడ్డాను.

మా నాయిన మేస్త్రీ. మాది మహబూబ్‌నగర్ జిల్లా. పాలమూరు లేబర్ అంటే దేశంలో డ్యాములు కట్టిన చోటల్లా తెలుసు. మా తాత అలా ఊళ్ళు తిరిగిన మనిషి. ఎంసెట్ కౌన్సెలింగ్‌లో సివిల్ వస్తుందని తెలిసిన రోజు నాయిన అన్నం ముందు కూర్చుని చెయ్యి పెట్టలేదు. "మల్ల గదే ఇసుక, గదే సిమెంటా బిడ్డా? గందుకేనా నిన్ను సదివిచ్చింది?" అన్నాడు. "కన్‌స్ట్రుక్సియోన్ నో" విన్నప్పుడు నాకు ఆ అన్నం పళ్ళెం గుర్తొచ్చింది.

ఆయన్ని మార్చింది జీతం లెక్క కాదు. పక్క ఊళ్ళో ఇంకో మేస్త్రీ కొడుకు పంచాయతీరాజ్‌లో ఏఈ అయ్యాడు. ఒకరోజు నాయిన పని చేస్తున్న సీసీ రోడ్డు కొలవడానికి ఆ ఏఈ వచ్చాడు. మెజర్‌మెంట్ బుక్కు చేత్తో పట్టుకుని, మా నాయినని "కాకా" అని పిలిచి, నీడకి రమ్మని కూర్చోబెట్టి చాయ్ తాగించాడు. ఇంటికొచ్చి నాయిన, "సివిలే తీస్కో" అన్నాడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ లేకపోతే ఆ మాటకి అర్థం ఉండేది కాదు, అది వేరే సంగతి, కానీ అది కూడా మెట్టే. ఒక మనిషి కనిపించాడు, ఎక్కడానికి మెట్టు కనిపించింది. ఆ రెండూ లేకుండా మా నాయిన దగ్గరికి ఎవరైనా కరపత్రం తెచ్చి ఉంటే ఆయన దాన్ని బీడీకట్ట పెట్టుకోవడానికి వాడుకునేవాడు.

నాకున్న అనుమానాలు

ఇంత రాశాక, మా ఆఫీసు వాళ్ళు అన్నదాంట్లో నిజం లేదా అని నన్ను నేనే అడిగాను. ఉంది. ఆ కుర్రాడికి ఇందులో డిగ్రీ ఉంటుందని నిజంగానే తెలీదు. ఇంటి నుంచే రోజూ వెళ్ళి చదువుకోగల దూరంలో అలాంటి కోర్సులున్నాయని తెలీదు. పిల్లలు పద్దెనిమిదేళ్ళకి ఇల్లు వదిలి వెళ్ళడం ఇష్టపడని కుటుంబాలకి అది చిన్న సంగతి కాదు. నిర్మాణ రంగంలోని వాళ్ళే హైస్కూలు పిల్లలకి సాయంత్రాలు పాఠాలు చెప్పే ఏస్ మెంటర్ కార్యక్రమం 1994 నుంచీ నడుస్తోంది. అక్కడ పిల్లలు మోడల్ గీసి, ఖర్చు లెక్కవేసి, తల్లిదండ్రుల ముందు నిలబడి చెప్తారు. కరపత్రానికీ దానికీ చాలా తేడా ఉంది. సమాచారం అక్కర్లేదని నేననను. దాన్ని ఎవరు చెప్తున్నారు, వింటున్నవాళ్ళు ఎవర్ని చూస్తున్నారు అన్నదే నా బాధ.

రెండో సంగతి. మేనేజరే ఎందుకు కావాలి? మా టైల్స్ సబ్‌కాంట్రాక్టర్ ఎల్ సాల్వడార్ నుంచి వచ్చి ముప్ఫైమందికి పనిస్తున్నాడు. ఆయనింట్లో కన్‌స్ట్రక్షన్ అంటే భయం లేదు. కొడుకులిద్దరూ అందులోనే ఉన్నారు. "డిగ్రీ చదివి మీలాగా ఇంకొకడి దగ్గర జీతానికి కూర్చోవాలా?" అని నన్నే అడిగాడు. అలాంటి ఇళ్ళల్లో పిల్లలకి కుర్చీ కంటే సొంత ట్రక్కు మీద సొంత పేరు ముఖ్యం. దానికి నేనేం ఎదురు చెప్పలేకపోయాను. కొన్నేళ్ళకి ఆ కొడుకులు ఏదో ఒక రోజు బాండ్లు, ఇన్సూరెన్సు, పెద్ద టెండర్ల దగ్గర ఆగిపోతారేమో, అప్పుడు ఆ చదువు పనికొస్తుందేమో అనిపించింది. అది నా ఊహే.

మూడోది అన్నిటికంటే బరువైంది. ఈ దేశంలో ఉండటానికి కావలసిన కాగితాలు. టెక్సస్‌లో పెరిగిన పిల్లలకి కాగితాలు లేకపోయినా రాష్ట్రం వాళ్ళ ఫీజుతోనే కాలేజీలో చదువుకునే వీలు 2001లో ఇదే రాష్ట్రం దేశంలో మొదట ఇచ్చింది. 2025 జూన్‌లో కేంద్రం కోర్టుకి వెళ్తే రాష్ట్రం అదేరోజు ఒప్పుకుని దాన్ని వదిలేసింది. ఆ రాత్రి మా బల్ల ముందు నుంచి నడిచి వెళ్ళిన పిల్లల్లో ఎవరికి కాగితాలున్నాయో ఎవరికి లేవో నాకు తెలీదు, అడక్కూడదు కూడా. లేని పిల్లవాడికి ఆ మోడల్ చూపించి ఆశపెట్టడం న్యాయమేనా అన్న ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. హెచ్‌-1బి లాటరీ కోసం మూడుసార్లు ఎదురుచూసిన టెన్షన్ నాకు తెలుసు. అయినా నాకు నిలబడటానికి ఒక వరస ఉంది. వాళ్ళకి ఆ వరస కూడా లేదు.

ఇంకోటి కూడా మనసులో మెదులుతోంది. రేపు ఆ కుర్రాడు చదువుకుని నా కుర్చీలోకి వచ్చాడే అనుకుందాం. వాళ్ళ నాన్న భుజం మారదు. ఆగస్టు ఎండ మారదు. పిల్లల్ని పైకి లాగి తండ్రుల్ని అక్కడే వదిలేస్తే, ఆ నాన్న చెప్పిన "నో" సగం అలాగే ఉండిపోతుంది. అందుకే స్కూళ్ళకి వెళ్ళేముందు సైట్లో చెయ్యాల్సింది ఉందని నేనంటాను. ఫోర్‌మ్యాన్లకి పని గంటల్లోనే, జీతం ఇస్తూ, రిపోర్టులు రాయడం నేర్పించండి. పెద్ద పనికి పదోన్నతి ఇచ్చేటప్పుడు ముందు స్లాబ్ మీద ఉన్నవాళ్ళని చూడండి. ఇది మా ఆఫీసులో చెప్పాను. ఒకాయన ఖర్చెంతవుతుందో లెక్కవేసి తెమ్మన్నాడు. వేస్తున్నాను.

మే 3న మెక్సికోలో తాపీ పనివాళ్ళ పండగ, సాంత క్రూస్ అంటారు. కట్టే భవనం మీద రంగుకాగితాలు, పూలు చుట్టిన చెక్క సిలువ నిలబెడతారు, యజమాని అందరికీ భోజనాలు పెట్టాలి. మన దగ్గర స్లాబ్ పోసిన రోజు మేస్త్రీలకి వేటమాంసంతో అన్నం పెట్టినట్టే. మా ఫోర్‌మ్యాన్ ప్రతి ఏడాదీ రెండో మనిషికి తెలియకుండా రీబార్ (ఇనుప కడ్డీల) కట్టలకి చిన్న సిలువ కట్టేవాడు. ఈసారి దాన్ని పై అంతస్తులో అందరికీ కనిపించేలా పెట్టాడు. కుటుంబాలని పిలవమని నేనే పోరాను. ఆయన కూతురు వచ్చింది, నర్సింగ్ రెండో ఏడాది. నాన్న పోసిన స్లాబ్ మీద నిలబడటం ఇదే మొదటిసారి అంది.

అంతకు కొన్ని వారాల ముందు ఇంకో స్కూల్లో కెరీర్ నైట్ ఉంటే, నా బదులు ఆయన్ని బల్ల దగ్గర నిలబెట్టమని అడిగాను. నేను పక్కనున్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. తల్లిదండ్రులు నా దగ్గర ఆగినదానికంటే ఆయన దగ్గర ఎక్కువసేపు ఆగారు. స్పానిష్‌లో ఎవరి ఊరు ఎవరిదో కనుక్కుంటూ మాట్లాడుకున్నారు. ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి అంతా విని, కాగితం చేతిలోకి తీసుకుని, "మరి మీ పిల్లలు ఇందులోనే ఉన్నారా?" అని అడిగింది.

ఆయన నా వైపు చూశాడు. తర్వాత ఆవిడతో, "లేదు సెన్యోరా. మా అమ్మాయి నర్సింగ్ చదువుతోంది. నేనే వద్దన్నాను" అన్నాడు.

ఆవిడ తలూపింది. కాగితం తిరిగిచ్చెయ్యలేదు. నాలుగు మడతలు పెట్టి చేతిసంచిలో వేసుకుంది. ఆ అమ్మాయి మాత్రం టాబ్లెట్ దగ్గరే ఉండి, నాలుగో అంతస్తు తీసి లోపల చూస్తోంది.